రేసింగ్ సైకిల్‌కు హబ్బులు, చక్రాలు: కొనే ముందు ఏం చూడాలి?

మా ఖాలా కొడుకు కరీంనగర్‌లో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. ఫజర్ నమాజ్ కాగానే రేసింగ్ సైకిల్ తీసుకుని జగిత్యాల రోడ్డు పడతాడు. పోయినేడు ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్ చక్రాలు ఒక జత కొన్నాడు. టీవీలో టూర్ డి ఫ్రాన్స్ సైకిళ్లకు ఉండే లోతు రిమ్ముల్లాంటివే. వెనక చక్రానికి పుల్లలు 20 మాత్రమే. మూడో వారంలో గంగాధర దగ్గర ఒక పుల్ల తెగింది. రిమ్ము వంకరపోయి ఫ్రేముకు రాసుకుంది, చక్రం తిరగడం ఆగిపోయింది. సైకిల్‌ను ఆటోలో వేసుకుని ఇంటికి వచ్చాడు.

ఆ పుల్ల మామూలుది కాదు. తల దగ్గర వంపు ఉండదు, నడుమ బల్లపరుపుగా ఉంటుంది. కరీంనగర్‌లో దొరకలేదు. హైదరాబాద్‌లో ఒక షాపు ఆర్డర్ పెట్టింది. వచ్చేసరికి ఆరు వారాలు. ఈలోపు అతను ఎదురుచూస్తున్న సెలక్షన్లు అయిపోయాయి. మా ఖాలూ అడిగింది ఒక్కటే మాట: "గింత పైసలు పెట్టినం, ఒక్క పుల్ల దొరకదా బేటా?"

సైకిల్ కొన్న ఏడాదికి "అబ్బా, చక్రాలు మార్చాలె" అని కొడుకో కూతురో అడగడం ఇప్పుడు చాలా ఇళ్లలో ఉంది. ఒక్కోసారి ఆ జత ధర సైకిల్ ధర కంటే ఎక్కువ. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఉండేవాళ్లు అంత డబ్బు పెట్టేముందు వేగం కంటే ముందు ఒక సంగతి చూడాలి. చెడిపోతే మన ఊళ్లో బాగవుతుందా? మిగతా లెక్కలన్నీ ఆ తర్వాతే.

28 అంటే ఏ 28?

మన సైకిల్ షాపుల్లో 28 సైజు అంటే పాల వాళ్లు, పేపర్ వాళ్లు తొక్కే నల్ల సైకిల్ రిమ్ము. దాని మీద 28 x 1½ అని ఉంటుంది. టైరు కూర్చునే చోట దాని వ్యాసం 635 మిల్లీమీటర్లు. రేసింగ్ సైకిల్ రిమ్మును కూడా కొందరు 28 అనే పిలుస్తారు, కానీ అది 700సి, వ్యాసం 622 మిల్లీమీటర్లు. తేడా 13 మిల్లీమీటర్లు. ఒకదాని టైరు ఇంకోదానికి పనికిరాదు. పాత రేసింగ్ సైకిళ్లలో 27 అంగుళాలది ఇంకొకటి ఉంది, దాని కొలత 630. అందుకని అంగుళాల మాట వదిలేసి టైరు పక్కన చిన్న అక్షరాల్లో ఉండే అంకె చదవండి. 28-622 అని ఉంటే టైరు వెడల్పు 28, రిమ్ము 622.

రంధ్రాల లెక్క కూడా ఇలాంటిదే. మన దేశంలో మామూలు సైకిల్‌కు ముందు 32, వెనక 40 పుల్లలు వేసే అలవాటు ఇంగ్లాండ్ నుంచి వచ్చింది. రేసింగ్ హబ్బులు 36, 32, 28, 24, 20 రంధ్రాలతో వస్తాయి. షాపులో కుప్పలుగా ఉండే పుల్లల పొడవు నల్ల సైకిల్‌కు సరిపోయేది. రేసింగ్ చక్రానికి అది పొడుగవుతుంది. కోసి వేద్దామంటే చివర మర పోతుంది.

ఫ్రేము ఒప్పుకునే హబ్బు

హబ్బు ఎంపికలో సగం పని మన చేతిలో లేదు, ఫ్రేము చేతిలో ఉంది. రిమ్ము మీద పట్టే బ్రేకులున్న రోడ్ సైకిల్‌లో హబ్బు వెడల్పు సాధారణంగా ముందు 100, వెనక 130 మిల్లీమీటర్లు. డిస్క్ బ్రేకుల కొత్త సైకిళ్లలో ముందు 100, వెనక 142. వాటికి 12 మిల్లీమీటర్ల మందం ఇరుసు ఒక పక్క నుంచి దూర్చి బిగిస్తారు. రెండింటికీ పొత్తు కుదరదు. కొన్ని పాత డిస్క్ సైకిళ్లలో వెనక 135 ఉంటుంది. అల్యూమినియం, కార్బన్ ఫ్రేములను లాగి వెడల్పు చేయడం ప్రమాదం. ఎవరైనా "చేసిస్తా" అంటే వద్దని చెప్పండి. ఉస్మానియా యూనివర్సిటీ వెలోడ్రోమ్ లాంటి చోట తిరిగే ట్రాక్ సైకిళ్ల వెనక హబ్బు 120 ఉంటుంది. ఆ చక్రాలు చవకగా కనబడినా రోడ్ సైకిల్‌కు ఎక్కవు.

తర్వాత పళ్ల చక్రాల సంగతి. చవక రోడ్ సైకిళ్లలో, ముఖ్యంగా 7 గేర్లవాటిలో, ఫ్రీవీల్‌ను హబ్బు మీద మర తిప్పి బిగిస్తారు. అందులో కుడిపక్క బేరింగు ఇరుసు చివర నుంచి చాలా లోపల ఉంటుంది. గుంతలో పడ్డప్పుడు బరువంతా బయటికి పొడుచుకొచ్చిన ఇరుసు మీద పడి, అది వంగుతుంది లేదా విరుగుతుంది. జపాన్‌లో 1921లో మొదలైన షిమానో కంపెనీ 1978లో ఫ్రీహబ్బు తెచ్చింది. క్లిక్ క్లిక్‌మనే భాగాన్ని హబ్బులోనే కలిపేసి కుడి బేరింగును చివరికి జరిపింది. ఇరుసులు విరగడం దాంతో బాగా తగ్గింది. కొత్త చక్రాలు తీసుకుంటే ఫ్రీహబ్బువే తీసుకోండి. అప్పుడు ఫ్రీవీల్ బదులు క్యాసెట్ కూడా కొనాలి, ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

ఫ్రీహబ్బుల్లో కూడా పొడవు తేడాలున్నాయి. షిమానో 8, 9, 10 గేర్ల రోడ్ క్యాసెట్లు పొడుగైన 11 గేర్ల ఫ్రీహబ్బు మీద స్పేసర్ వేస్తే కూర్చుంటాయి. 11 గేర్ల రోడ్ క్యాసెట్ మాత్రం పాత పొట్టి ఫ్రీహబ్బు మీద కూర్చోదు. కాబట్టి ఇప్పుడు 8 గేర్లున్నా 11 గేర్ల ఫ్రీహబ్బు ఉన్న చక్రం తీసుకోవడం లాభం. రేపు గేర్లు మార్చినా చక్రం పనికొస్తుంది. కాంపాగ్నోలో, శ్రామ్ ఎక్స్‌డీఆర్ ఫ్రీహబ్బులు వేరే రకం, వాటి క్యాసెట్లు మన దగ్గర దొరకడం కష్టం.

కాంపాగ్నోలో పేరు వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. ఒకప్పుడు రేసుల్లో గేరు మార్చాలంటే సైకిల్ దిగి, నట్లు విప్పి, వెనక చక్రాన్ని తిప్పి పెట్టేవాళ్లు, రెండు పక్కలా వేర్వేరు పళ్లుండేవి. ఇటలీ రేసర్ టుల్లియో కాంపాగ్నోలో చలిలో వేళ్లు కొంకర్లు పోయి నట్టు విప్పలేకపోయాడని, అందుకే ఒక్క మీటతో విప్పే ఇరుసు కనిపెట్టాడని చెప్పుకుంటారు. ఈ రోజు మనం క్విక్ రిలీజ్ అనే మీట అదే. దాన్ని నట్టులాగా గుండ్రంగా తిప్పి బిగించకూడదు. అరచేతిలో అచ్చు పడేంత గట్టిగా మీటను మూయాలి. చాలామంది పిల్లలు ఇది తప్పు చేస్తారు.

బాల్సా, బేరింగా?

హబ్బు లోపల రెండు రకాలు. ఒకటి విడి బాల్స్, కోన్ ఉండే పాత పద్ధతి. షిమానో హబ్బులు ఎక్కువ ఇవే. సాధారణంగా ముందు హబ్బులో 3/16 అంగుళం, వెనక హబ్బులో 1/4 అంగుళం బాల్స్ పడతాయి. సైకిల్ పని తెలిసిన ఏ మిస్త్రీ అయినా విప్పి, కిరోసిన్‌తో కడిగి, గ్రీజు పెట్టి బిగిస్తాడు. కావాల్సింది పలచటి కోన్ పానాలు. ఇందులో ఒక చిక్కుంది. నీళ్లు పోయి బాల్స్ తుప్పు పట్టినా అలాగే తొక్కితే లోపలి గిన్నె గీతలు పడుతుంది. బాల్స్, కోన్ మార్చొచ్చు గానీ చాలా హబ్బుల్లో ఆ గిన్నె మార్చలేం. హబ్బే పోయినట్టు.

రెండోది సీల్డ్ బేరింగు. విప్పి సర్దే పని తక్కువ. పాడైతే మొత్తం కొట్టి తీసేసి కొత్తది వేయడమే. దాని అంచు మీద నంబరు ఉంటుంది. 6902 అంటే లోపలి రంధ్రం 15, బయటి వ్యాసం 28, మందం 7 మిల్లీమీటర్లు. 6001 అంటే 12, 28, 8. ఈ నంబర్లు సైకిల్ కంపెనీవి కావు, ప్రపంచమంతా ఒకటే. అంటే సైకిల్ షాపులో లేకపోతే మోటార్లకు, మెషిన్లకు బేరింగులమ్మే దుకాణానికి వెళ్లి నంబరు చెప్పి అడగొచ్చు. 2ఆర్ఎస్ అని ఉన్నది అడగండి, రెండు పక్కలా రబ్బరు మూత ఉంటుంది. కొనేముందు షాపువాణ్ని "ఇందులో ఏ నంబర్ బేరింగు?" అని అడిగి బిల్లు వెనక రాయించుకోండి. మామూలు నంబరు కాకపోతే ఆ హబ్బు మనకు వద్దు.

రెండింటిలో ఏది మంచిది? నెలకోసారి సైకిల్ మీద చేయి వేసే పిల్లాడైతే బాల్స్ హబ్బు ఏళ్లు నడుస్తుంది. సైకిల్ కడగడానికే బద్ధకించే రకమైతే సీల్డ్ బేరింగు. సెరామిక్ బేరింగులకు మాత్రం డబ్బు పెట్టొద్దు. మంచి హబ్బులో బేరింగు రాపిడికి పోయేదే ఒకటి రెండు వాట్లు. అందులో సెరామిక్ ఎంత మిగులుస్తుంది?

వానాకాలం మన హబ్బులకు శత్రువు. ఆదిలాబాద్ నల్లరేగడి బురద ఎండితే సిమెంటులా పట్టేస్తుంది. దాన్ని వదిలించడానికి బండ్ల వాటర్ సర్వీసింగ్‌కు తీసుకెళ్తారు కొందరు. ఆ ప్రెషర్ పంపు నీళ్లు సీలు దాటి లోపలికి పోతాయి. బకెట్, గుడ్డ చాలు.

పుల్లల లెక్క

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. 622 రిమ్ముకు టైరు వేస్తే చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు. అంటే కిలోమీటరుకు దాదాపు 475 చుట్లు, వంద కిలోమీటర్లకు 47 వేల పైనే. ప్రతి చుట్టులో ప్రతి పుల్ల కిందికి వచ్చినప్పుడు కొంచెం వదులై, పైకి పోతూ మళ్లీ బిగుసుకుంటుంది. పుల్ల ముందే వదులుగా ఉంటే ఈ ఊపు వల్ల హబ్బు దగ్గరి వంపులో సన్నగా పగులు మొదలై ఒక రోజు ఠప్పున తెగుతుంది. "గుంతలో పడలేదు, ఏం చేయలేదు, ఊరికే తెగింది" అనే మాట వెనక సంగతి ఇదే. అది ఆ రోజు తెగింది కాదు, వేల కిలోమీటర్లుగా తెగుతూ వచ్చింది.

వెనక చక్రంలో ఇంకో ఇబ్బంది. కుడిపక్క క్యాసెట్ జాగా తినేస్తుంది కాబట్టి ఆ పక్క పుల్లలు నిటారుగా, చాలా బిగుతుగా ఉంటాయి. ఎడమ పుల్లల బిగువు దాంట్లో సగం చిల్లరే. ఆ వదులు పుల్లలే ముందు సతాయిస్తాయి. నడుమ సన్నగా, చివర్లు లావుగా ఉండే బటెడ్ పుల్లలు వేస్తే (2.0, 1.8, 2.0 మిల్లీమీటర్లు) నడిమి భాగం కొంచెం సాగి బిగువును నిలుపుకుంటుంది. లావు పుల్ల గట్టిదని మనం అనుకుంటాం, చక్రంలో ఇది తిరగబడుతుంది.

మన రోడ్లకు నేను చెప్పేది వెనక 32 పుల్లలు, ఒక్కోటి మూడింటిని దాటేలా అల్లినది, వంపు ఉన్న మామూలు పుల్లలు, ఇత్తడి నిపుల్స్. 60 కిలోల లోపు ఉన్న పిల్లలకు ముందు 28 సరిపోతాయి. 32 ఉన్న చక్రంలో ఒకటి తెగితే రిమ్ము ఊగుతుంది కానీ బ్రేకు కొంచెం వదులు చేసుకుని మెల్లగా ఇంటికి రావొచ్చు. 20లో ఒకటి తెగితే ఏమైందో పైన చూశారు.

కొత్త చక్రం రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక ఒకసారి బెండు చూపించండి. బెండు తీయడమంటే రిమ్ము సూటిగా రావడం ఒక్కటే కాదు, ఒకే పక్క పుల్లల బిగువు సమానంగా ఉండాలి. పుల్లను వేలితో మీటండి. ఒకే పక్కవన్నీ దాదాపు ఒకే స్వరంలో మోగాలి. ఒకటి ధబ్‌ధబ్‌మంటే అది వదులు. మన మిస్త్రీల్లో పాతవాళ్లకు ఈ చెవి ఉంది. బ్రేకు కట్టను ఆనవాలుగా పెట్టుకుని నల్ల సైకిళ్ల బెండు తీసి తీసి వచ్చిన పనితనం అది. రేసింగ్ చక్రమని భయపడే చాచాకు సరైన నిపుల్ పానా కొనిచ్చి చూడండి.

రిమ్ము: అల్యూమినియమా, కార్బనా?

పిల్లలు అడిగేది కార్బన్. లోతైన కార్బన్ రిమ్ము గాలిని చీలుస్తుందన్నది నిజమే. గంటకు 30 దాటాక మన బలంలో ఎక్కువ భాగం గాలికే పోతుంది. అయితే ఆ లాభం ఒంటరిగా, వేగంగా పోయేవాళ్లకు. గుంపు మధ్యలో తొక్కే కుర్రాడికి తక్కువ. రాజీవ్ రహదారి మీద లారీ పక్కనుంచి పోయినప్పుడు ముందు లోతు రిమ్మును గాలి ఎలా లాగుతుందో ఒకసారి అనుభవించినవాళ్లకు తెలుసు.

బరువు మాట కూడా లెక్క వేద్దాం. పిల్లాడు, సైకిల్, నీళ్ల సీసా కలిపి 75 కిలోలు అనుకోండి. కొత్త చక్రాల వల్ల 300 గ్రాములు తగ్గింది. అంటే వెయ్యికి నాలుగు వంతులు. ఇరవై నిమిషాల ఎక్కుడులో మిగిలేది ఐదు సెకన్లకు అటూ ఇటూ. రేసు గెలవడానికి ఐదు సెకన్లు చిన్నవి కావు, ఒప్పుకుంటాను. కానీ ముందు ఆ పిల్లాడు గుంపుతో పాటు పైదాకా రావాలి కదా.

రిమ్ము బ్రేకులున్న సైకిల్‌కు కార్బన్ రిమ్ము వద్దని గట్టిగానే చెబుతాను. నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్, ఆసిఫాబాద్ - ఉట్నూర్ దారిలో కెరమెరి ఘాట్ దిగేటప్పుడు మలుపు మలుపుకూ బ్రేకు పట్టాల్సిందే. ఆ రాపిడి వేడికి నాసిరకం కార్బన్ రిమ్ములో జిగురు మెత్తబడి అంచు ఉబ్బుతుంది. వానలో కార్బన్ మీద బ్రేకు ఆలస్యంగా పడుతుంది. డిస్క్ బ్రేకులుంటే ఈ వేడి రిమ్ముకు చేరదు, అప్పుడు ఆలోచించొచ్చు. పేరు తెలియని చవక కార్బన్ ఎందులోనూ వద్దు.

అల్యూమినియం రిమ్ముకూ ఆయుష్షుంది. బ్రేకు కట్టల్లో ఇరుక్కున్న ఇసుక, గ్రానైట్ పొడి రిమ్ము గోడను రోజూ కొంచెం కొంచెం అరగదీస్తుంది. చాలా రిమ్ముల మీద సన్నటి గాడి గానీ చుక్క గానీ ఉంటుంది. అది కనబడకుండా పోతే రిమ్ము మార్చాలి. గోడను వేలితో తడిమితే లోపలికి గుంతగా తగిలినా అంతే. అరిగిన గోడ గాలి ఒత్తిడికి పగిలితే బండి ఆగడం కాదు, మనిషి పడతాడు.

కోతల కాలంలో మన రోడ్ల మీద వడ్లు, మక్కలు ఆరబోస్తారు. ధాన్యం చుట్టూ రాళ్లు పెడతారు. ధాన్యం ఎత్తుకుపోయాక చాలాసార్లు రాళ్లు అక్కడే ఉంటాయి. తెల్లారకముందు బయల్దేరే మన పిల్లల ముందు చక్రం దొరికేది వాటికే. ఆ దెబ్బకు అల్యూమినియం సొట్ట పోతుంది, కొన్నిసార్లు సరిచేయొచ్చు. కార్బన్ పగిలితే పారేయడమే.

మిగిలిన డబ్బు టైర్లకు

మంచి రేసింగ్ టైరుకు, మొద్దు టైరుకు రాపిడిలో తేడా ఒక్కోదానికి పది వాట్ల దాకా ఉంటుంది. హబ్బు, రిమ్ము మార్చి అంత సంపాదించడం కష్టం. 25 కంటే 28 మిల్లీమీటర్ల టైరు మన రోడ్లకు నయం. టూర్ డి ఫ్రాన్స్‌లో కూడా ఇప్పుడు 28 మామూలైపోయింది. 60 కిలోల మనిషికి 28 టైరులో 70 పీఎస్ఐ దగ్గర గాలి చాలు. వంద దాటిస్తే వేగం పెరగదు, ఒళ్లు హూనమవుతుంది. రిమ్ము లోపలి వెడల్పు 17 నుంచి 21 మధ్య ఉన్నది చూడండి.

హుక్‌లెస్ అని రాసిన రిమ్ముల జోలికి పోవద్దు. వాటి అంచులో టైరును పట్టే కొక్కెం ఉండదు. 5 బార్, అంటే 72.5 పీఎస్ఐ మించి గాలి కొట్టకూడదు, కంపెనీ జాబితాలోని టైర్లే వేయాలి. 2024 ఫిబ్రవరిలో యూఏఈ టూర్‌లో థామస్ డి హెంట్ అనే బెల్జియం రేసర్ టైరు ఇలాంటి రిమ్ము నుంచి ఊడిపోయి పడ్డాడు. వెనక టీమ్ కారు, మెకానిక్ ఉన్నవాళ్ల సంగతే అది. కాలనీ చివర పంపుతో గాలి కొట్టించుకునే మనకు అది ఎందుకు?

రేసు నియమాలు కూడా తెలుసుకోవాలి. అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం యూసీఐ లెక్కలో సైకిల్ మొత్తం బరువు 6.8 కిలోలకు తగ్గకూడదు. గుంపు రేసుల్లో చక్రానికి కనీసం 12 పుల్లలుండాలి. 2026 జనవరి 1 నుంచి రిమ్ము లోతు 65 మిల్లీమీటర్లు మించకూడదు. సెకండ్ హ్యాండ్‌లో 80 లోతువి చవకగా కనబడితే ఎందుకు చవకో అర్థం చేసుకోండి.

బిల్లు, కిస్తీలు

కామర్స్ చదివినవాణ్ని కాబట్టి ఒక మాట. ఆన్‌లైన్‌లో నో కాస్ట్ ఈఎంఐ అని ఉంటే వడ్డీ లేదనుకుని మనవాళ్లు క్రెడిట్ కార్డు మీద తీసుకుంటున్నారు. సున్నా వడ్డీ పథకాలను రిజర్వ్ బ్యాంక్ 2013లోనే కాదంది. నో కాస్ట్‌లో జరిగేది వేరు. అమ్మేవాడు వడ్డీ అంత డిస్కౌంటు ఇస్తాడు, బ్యాంకు మాత్రం వడ్డీ వేస్తూనే ఉంటుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు అదనం. కార్డు స్టేట్‌మెంట్ తీసి చూడండి, ఇంట్రెస్ట్ అనే వరుస కనబడుతుంది. అది తీసుకోవచ్చా లేదా అన్నది మీ ఆలిమ్‌ను అడగండి. నేను చెప్పేది లెక్క వరకే. డబ్బు పోగయ్యేదాకా పాత రిమ్ములకే మంచి టైర్లు వేసి తొక్కడం వల్ల ఏ పిల్లాడి ప్రాక్టీసూ ఆగదు.

విదేశీ సైట్ల నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం కలపాలి, వారంటీకి చక్రాన్ని మళ్లీ అక్కడికే పంపాలి. సెకండ్ హ్యాండ్ అయితే చక్రాన్ని గాల్లో తిప్పి చూడండి, ఇరుసును వేళ్లతో తిప్పితే గరగర తగలకూడదు, రిమ్మును పక్కకు ఊపితే టకటకమనకూడదు. పుల్లల రంధ్రాల చుట్టూ సన్న పగుళ్లున్నాయేమో పగటి వెలుతురులో చూడండి.

మా తమ్ముడు ఇప్పుడు 32 పుల్లల అల్యూమినియం చక్రాలతో తిరుగుతున్నాడు. కొన్న రోజే ముందు చక్రానికి, వెనక కుడికి, వెనక ఎడమకు, మూడు పొడవుల్లో రెండేసి పుల్లలు అదనంగా తీసుకుని, ఫ్రేము కింది గొట్టానికి టేపుతో అంటించాడు. పొడవులు ఒక చీటీ మీద రాసి సీటు కింద సంచిలో పెట్టాడు. పుల్ల తెగితే ఏ షాపువాడైనా ముందు అడిగేది ఆ కొలతే.